చేపల పెట్టె అసలు ధర

తట్టాంచావడిలో ప్లాస్టిక్ సామాన్లు చేసే ఒక చిన్న కంపెనీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. నా పని ఒక్కటే. ఏ వస్తువు చేయడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం. బక్కెట్టుకు ఎంత ముడిసరుకు, ఎంత కరెంటు, ఎంత కూలి, ఎంత అట్టపెట్టె, అన్నీ కలిపి అడుగున ఒక అంకె వేసి యజమాని బల్ల మీద పెడతాను. దాన్ని ఎంతకు అమ్మాలో ఆయన నిర్ణయిస్తాడు. ఈ రెండు అంకెలూ తెలిసినవాళ్లం కంపెనీలో మేమిద్దరమే. మా ఆయనకు కూడా నేను చెప్పను. ఆయన అడగడు కూడా. బక్కెట్ల సంగతి వినేంత ఓపిక ఆయనకు లేదు.

మేమిద్దరమే అని గొప్పగా చెప్పుకుంటాను గానీ, ఆ దాపరికం మీద నాకు గౌరవం ఉండేది కాదు. చెప్పుకోలేని లాభం తీసేవాడే దాచుకుంటాడని నా ఉద్దేశం. పాత బక్కెట్టు మీద ఎంత మిగులుతుందో బజారులో అందరికీ ఇంచుమించు తెలుసు, దాని గురించి ఎవరూ గుసగుసలాడరు. కొత్త వస్తువు వచ్చిందంటే మాత్రం నా కాగితం సొరుగులోకి పోయేది, సొరుగుకు తాళం పడేది, తాళంచెవి యజమాని జేబులోకి పోయేది. అంత సిగ్గుపడే పని ఎందుకు చేయాలని నాలో నేనే సణుక్కునేదాన్ని. పైకి అనే ధైర్యం లేదు.

యజమాని మాకు దూరపు చుట్టం, వరసకు మామ. ఎన్నో తరాల కిందట ఈ పుదుచ్చేరికి వచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు మావి. మా తెలుగులో సగం అరవమే. నేను తెలుగు అక్షరాలు నేర్చుకుందే నలభై దాటాక. మామకు ఇప్పటికీ రావు. అయినా కొనేవాళ్లు ఎదురుగా కూచున్నప్పుడు మా ఇద్దరికీ ఆ తెలుగే అక్కరకొచ్చేది. ఎంతకు దిగొచ్చు, ఎక్కడ ఆగాలి అనేది వాళ్ల ముందే గబగబా తెలుగులో అనేసుకుని, మళ్లీ అరవంలోకి వచ్చి మర్యాదగా నవ్వేవాళ్లం.

మా వీధికి చేపలు తెచ్చే అక్క ముందు మాత్రం ఆ ఎత్తు పారేది కాదు. ఆమెది సముద్రం ఒడ్డున వైతికుప్పం అనే జాలర్ల పేట. మా వీధిలో తెలుగు ఇళ్లు ఎక్కువ కాబట్టి గడప గడపకూ తిరిగి మా భాష మా అంత బాగా నేర్చేసింది. నేను హైస్కూల్లో ఉన్నప్పటి నుంచి వస్తోంది. నాకు యాభై దాటినా ఇప్పటికీ పాపా అనే పిలుస్తుంది, నేను అక్కా అంటాను. నెత్తి మీద అల్యూమినియం గంప, దాని మీద తడి గోనెపట్ట. గడప ముందు ఆగి రెండు చేతులూ పైకెత్తితే ఇంట్లోవాళ్లు వెళ్లి గంప పట్టి దించాలి. పోయేటప్పుడు మళ్లీ పట్టి నెత్తికెత్తాలి. కొన్నా కొనకపోయినా ఆ సాయం చేయాల్సిందే.

గంప దించాక ఆమె చేసే మొదటి పని తన కొనుగోలు ధర చెప్పడం. పొద్దున్నే ఒడ్డున వేలంలో తనకు ఆ చేప ఎంతకు పడిందో, గంప అంచు మీద చెయ్యి వేసి చెబుతుంది. ఈ పొద్దు వంజరం ఇంత, నెత్తళ్లు ఇంత. దాని మీద మేం నడక కూలి కలపాలి. కుప్పం నుంచి మా వీధి దాకా మోసుకొచ్చినందుకు అన్నమాట. బేరమంతా ఆ నడక కూలి మీదే. వేలం ధరను మాత్రం ఎవరూ కదపకూడదు, అనుమానించకూడదు. అది మా అమ్మ పెట్టిన నియమం. చిన్నప్పుడు ఒకసారి, నిజంగా అంతకే కొన్నావా అక్కా అని నోరు జారితే, అమ్మ నన్ను లోపలికి పిలిచి చెవి మెలేసింది. ఆ మంట ఇంకా గుర్తుంది నాకు.

అందుకే ఆ అక్క నా దృష్టిలో కంపెనీలకు పాఠం చెప్పదగిన మనిషి. ఏసీ గదుల్లో కూచున్నవాళ్లు సొరుగులకు తాళాలు వేసుకుంటుంటే, ఎండన తిరిగే మనిషి తన కొనుగోలు ధర నడివీధిలో నిలబడి చెప్పుకుంటోంది కదా అని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఉపన్యాసాలిచ్చేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది.

నాలుగేళ్ల కిందట మామ ఒక కొత్త వస్తువు తలపెట్టాడు. చేపలమ్మేవాళ్ల కోసం ఐసు పెట్టె. రెండు పొరల ప్లాస్టిక్కు, మధ్యలో చలి నిలిపే నురుగు. నీళ్లు పోవడానికి మూలన చిన్న కుళాయి, మూత తిరగేస్తే చేప కోసుకునే పలక. నీలం రంగు. దీనికి కావాల్సిన అచ్చు చేయించడమే పెద్ద ఖర్చు. షెడ్డు కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చాడు. పెట్టె నిలబడితే అప్పు తీరుతుంది, నిలబడకపోతే షెడ్డు పోతుంది. ఆ షెడ్డులో నాతో కలిపి పద్నాలుగు మందిమి పనిచేస్తున్నాం. ఈ సంగతి మామ దాచలేదు, మమ్మల్నందరినీ పిలిచి చెప్పాడు.

మొదటి నమూనాలు వాడి చూడ్డానికి మనిషి కావాలంటే మా అక్కనే నేను తీసుకెళ్లాను. రెండు నెలలు వాడింది. ఆమె నోటి నుంచి వచ్చినన్ని తప్పులు మా ఇంజనీరుకు కూడా కనిపించలేదు. కుళాయి మూలన ఉండాలని చెప్పింది ఆమే. నడుమ పెడితే బస్సులో నీళ్లు చిందుతాయట, కండక్టరు తిడతాడట. ఆమె షెడ్డుకొచ్చిన రోజుల్లో మామా నేనూ అంకెలు తెలుగులో అనుకునే వీల్లేక చీటీ మీద ఇంగ్లీషులో రాసి చూపించుకునేవాళ్లం. అన్నీ బాగున్నాయని ఒప్పుకున్నాక ఆమె చివరికి ఒక మాట అంది. ఇది బండి మీద తిరిగే మగవాళ్లకు పనికొస్తుంది, నెత్తి మీద మోసే నాకు కాదు, ఇందులో సగం ఉండాలి అని. చూద్దాంలే అక్కా, ముందు ఇది కానివ్వు అన్నాడు మామ.

చేసే ఖర్చు పదకొండు వందల యాభై తేలింది. మామ రెండువేల వంద ధర పెట్టాడు. ఆ రెంటి నడుమ తొమ్మిదొందల యాభై ఎందుకో నేను అడగలేదు. అడగడం నా పని కాదనుకున్నాను. లోపల మాత్రం, చేపలమ్మి బతికే ఆడవాళ్ల దగ్గర ఇంత లాగాలా అని మంటగానే ఉండింది. నా కాగితంలో సరుకూ కూలీ కరెంటూ తప్ప ఇంకేమీ ఉండవని నాకు తెలుసు. తెలిసి కూడా కోపమే ముందుకొచ్చింది.

కుప్పంలో నలభై మంది దాకా తీసుకుంటామన్నారు. అక్క తనకు పనికిరాకపోయినా బండి మీద తిరిగే తన అల్లుడి కోసం ఒకటి చెప్పింది. ధర బయటపడిన మర్నాడు పొద్దున మా గడప ముందు గంప దించి, అలవాటుగా గంప అంచు మీద చెయ్యి వేసి వేలం ధర చెప్పి, చేప కోయకుండా అలాగే కూచుంది. తర్వాత అడిగింది.

"రోజూ పొద్దన్నే నా వేలం నీకు చెప్తా ఉండాను గదా పాపా. నీ పెట్టె వేలం ఎంతో నువ్వు చెప్పు."

దీనికి ఏం జవాబు చెప్పను? కంపెనీ విషయాలు చెప్పకూడదక్కా అనొచ్చు. ఎంతో మందికి ఆ మాట చెప్పాను. మొన్నటికి మొన్న మా సొంత పెద్దమ్మ కొడుక్కే చెప్పాను. కానీ ముప్పై అయిదేళ్లుగా నాకు తన కొనుగోలు ధర చెబుతున్న మనిషికి ఎదురుగా కూచుని ఆ మాట అనడానికి నాకు మొహం చెల్లలేదు. అమ్మ మెలేసిన చెవి కూడా గుర్తొచ్చి ఉంటుంది. పదకొండు వందల యాభై అని చెప్పేశాను. నీతోనే ఉంచుకో అని కూడా అన్నాను. ఆమె తలూపి చేప కోయడం మొదలుపెట్టింది. నాకు ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉండింది. నిజం చెప్పిన మనిషికి ఉండే పొగరు కూడా కొంచెం ఉండింది.

వారం తిరక్కుండా కుప్పం ఆడవాళ్లు ఇరవై మంది రెండు షేర్ ఆటోల్లో వచ్చి షెడ్డు గేటు దగ్గర నిలబడ్డారు. గొడవ చేయలేదు. చేయడానికి మీకు పదకొండు యాభై అవుతుందట కదా, పదమూడు వందలైతే అందరం తీసుకుంటాం, లేకపోతే ఒక్కరం కూడా తీసుకోం అన్నారు. మామ వాళ్లను లోపల కూచోబెట్టి కాఫీ ఇప్పించి, అంతకు గిట్టదని చెప్పాడు. వాళ్లు నవ్వారు. మా అక్క కూడా ఆ గుంపులో ఉంది. నా వైపు చూడనే లేదు.

పదమూడు వందలంటే ఖర్చు మీద నూట యాభై మాత్రమే. చేసే ఖర్చు తెలిసినవాళ్లు అంత తక్కువ ఎలా అడుగుతారో నాకు అర్థం కాలేదు. నడక కూలి కలిపి ఇవ్వడం తెలిసినవాళ్లే కదా అని బాధపడ్డాను.

ఆ తర్వాత వచ్చింది టోకు వ్యాపారి. ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ మా సామాన్లన్నీ వేసేది ఆయనే. పెట్టెకు తొమ్మిదొందలు మిగులుతోందట కదా, అందులో సగం నాకిస్తేనే నా దుకాణంలో పెడతాను అన్నాడు. అంతకు ముందు పెట్టెకు నూట ఇరవై కమీషనుకు ఒప్పుకున్న మనిషే. ఇంకో రెండు నెలలకు వేరే ఊరి కంపెనీవాళ్లు ఇలాంటి పెట్టే చేసి దింపారు. కుళాయి లేదు, పలక లేదు, నురుగు పలచన. కానీ పద్నాలుగు వందలు. అచ్చుకు డబ్బు పెట్టే ముందు ఎవరైనా భయపడతారు, ఇక్కడ ఎంత మిగులుతుందో తెలిశాక వాళ్లకు ఆ భయం లేకుండా పోయిందని మామ తర్వాత అన్నాడు. మేం పదిహేను వందలకు దిగాం.

ఆ రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు. ఎవరు చెప్పారని మామ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని, లేదా అబద్ధమాడేదాన్ని, ఏదో ఒకటి అయిపోయేది. ఆయన అడగకుండా రోజూ మామూలుగానే పలకరిస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన గదిలోకి వెళ్లి, చెప్పింది నేనే మామా అన్నాను.

"తెలుసును. వాళ్లు అన్న అంకె నీ కాయితంలో తప్ప ఇంక యాడా లేదు గదమ్మా."

తిడతాడని నిలబడ్డాను. తిట్టలేదు. సొరుగు తాళం తీసి ఒక బొమ్మ కాగితం బల్ల మీద పరిచాడు. అది కూడా ఐసు పెట్టే, కానీ చిన్నది. అడుగున నెత్తికి ఆనేలా గుండ్రటి పల్లం. ఒక పక్క కొలతలు, ఇంకో పక్క అచ్చు చేయడానికి ఎంతవుతుందో రాసి ఉంది. పెద్ద పెట్టె మీద వచ్చే తొమ్మిదొందల యాభైని ఆయన అప్పుడు విడదీసి చెప్పాడు. అందులో ఒక పాలు అచ్చు అప్పుకు. ఒక పాలు మొదట్లో నురుగు సరిగ్గా పొంగక పారేసిన వందకు పైగా పెట్టెలకు. ఏడాదిలోగా మూత విరిగితే ఊరికే మార్చిస్తామన్నాం కదా, ఒక పాలు దానికి. ఇంకో పాలు ఈ చిన్న పెట్టె అచ్చుకు. మిగిలేది తన ఇంటికి, అది బక్కెట్టు మీద మిగిలే దానికంటే ఎక్కువేం కాదు.

"ఇవన్నీ చెప్పుకుని అమ్మగలమా? వినేవాళ్లకు తొమ్మిదొందల యాభయ్యే వినబడతాది, పారేసిన పెట్టెలు వినబడవు."

నేను నిలబడి ఏడ్చాను. ఆఫీసులో ఏడవడం అదే మొదటిసారి. ఉద్యోగం మానేస్తానన్నాను. ఈ వయసులో యాడికి పోతావు, పోయి పని చూసుకో అన్నాడు. ఆ తర్వాత నన్ను ఏ లోటూ చేయలేదు. కాకపోతే ఆ రోజు నుంచి కొత్త వస్తువుల లెక్క నా దగ్గరికి రావడం లేదు. ఆయనే ఒక నోటుబుక్కులో వేసుకుంటాడు. నాకు బక్కెట్లూ మగ్గులూ మాత్రం వస్తాయి. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ కోపమంతా తెచ్చి నేను అక్క మీద పెట్టుకున్నాను. మర్నాడు ఆమె వచ్చి చేతులెత్తితే గంప దించాను గానీ, వేలం ధర చెప్పనివ్వలేదు. నీతోనే ఉంచుకోమంటే ఊరంతా చాటావు, పైగా నిజం చెప్పిన పాపానికి పదమూడు వందలకు అడిగి నా మొహాన కొట్టారు అని కడిగేశాను. నువ్వు రోజూ నీ వేలం చెబుతావు కదా అన్న ఒక్క నమ్మకంతో నా వేలం నీకు చెప్పాను అన్నాను. ఆమె గోనెపట్ట సర్దుతూ విన్నది. ఆమె మొహంలో తప్పు చేసిన భావం కాదు, ఆశ్చర్యం కనబడింది.

"నేను చెప్పే వేలం యాడ నిజం పాపా? దాని మీద వేసి చెప్పేదే గదా. మీ యమ్మకు తెలుసు. నీకూ తెలుసనే అనుకుంటిని."

ఆమె చిన్నపిల్లకు చెప్పినట్టు తాపీగా చెప్పుకుపోయింది. ఉన్నదున్నట్టు వేలం చెబితే కొనేవాళ్లు దాన్నే పట్టుకుంటారట. గంప అమ్ముడుపోక సాయంత్రానికి కుళ్లిన చేపను పారబోసిన రోజులు, ఐసు డబ్బులు, వేట బందు పెట్టే రెండు నెలలు, జ్వరమొచ్చి పడుకున్న వారం, ఇవేవీ ఏ ఇంటావిడా నడక కూలిలో కలిపి ఇవ్వదట. అందుకని చెప్పే ధరలోనే వాటిని కలిపేసుకుంటుంది. కుప్పంలో అందరూ అంతే, ఆమె తల్లీ అంతే. గంప మీద చెయ్యి వేసేది ప్రమాణానికి కాదు, ఈగలు వాలకుండానట. అందరికీ తెలిసిన సంగతే అయినా పైకి ఎవరూ అనరు. అనుమానించకూడదన్న మా అమ్మ నియమం అందుకే. అనుమానిస్తే గుట్టు విప్పాలి, విప్పితే రేపటి నుంచి ఈ వీధికి చేప రాదు.

అప్పుడు అసలు మాట అంది. "నువ్వు పదకొండు యాభై అంటే, దాంట్లోనూ నీ కంపెనీ వేసుకునే ఉంటాది, అసలుకు తొమ్మిదొందలే అయ్యుంటాదనుకుంటిమి. అందుకే పదమూడు ధర్మంగా ఉండాదని అడిగితిమి."

అంటే వాళ్లు దయ తలిచే అడిగారు. కంపెనీకి నాలుగు వందలు మిగలనిచ్చామనుకుని పోయారు. మామ గిట్టదన్నప్పుడు నవ్వింది అందుకే. ఖర్చు లెక్కలు కట్టడమే పనిగా ఇన్నేళ్లు గడిపిన నేను, ముప్పై అయిదేళ్ల పాటు ఆమె నా గడప ముందు చెప్పిన అంకెలో ఏముందో ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. నా జన్మలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజమైన అంకెను వాళ్లు ఎప్పటి అలవాటు ప్రకారం కోసి చూసుకున్నారు. ఇందులో ఎవరిని తప్పుపట్టను?

చిన్న పెట్టె సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి చెప్పాను. నెత్తికి ఆనే పల్లం ఉంటుందనీ, ఇప్పటి దానిలో సగం బరువనీ, మీరు కట్టే డబ్బులోనే దాని అచ్చు ఖర్చు కూడా ఉండిందనీ. ఆమె విని, అట్టయితే ముందే చెప్పకూడదా పాపా అంది. ముందే చెప్పి ఉంటే నమ్మేదానివా అన్నాను. నమ్మను అంది.

షెడ్డు పోలేదు. సగం షెడ్డు ఇంకో కంపెనీకి అద్దెకిచ్చి ఆ అద్దెతో మామ బ్యాంకు కిస్తీలు కడుతున్నాడు. పద్నాలుగు మందిమి తొమ్మిది మందిమయ్యాం. పెద్ద పెట్టె అంతో ఇంతో పోతోంది, అక్క అల్లుడి బండి వెనక ఒకటి కనబడుతుంటుంది. చిన్న పెట్టె బొమ్మ సొరుగులోనే ఉంది. ఇప్పుడా సొరుగుకు తాళం వేయడం లేదు, దాచడానికి అందులో ఏమీ లేదు కాబట్టి.

అక్క ఇప్పటికీ వస్తుంది. గంప దించగానే వేలం ధర చెబుతుంది, నేను విని తలూపి నడక కూలి కలిపి ఇస్తాను. మునుపటి కంటే కాస్త ఎక్కువే కలుపుతాను, ఆమె ఎందుకని అడగదు. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది, మెడ కొంచెం ఒక పక్కకు వాలింది. గంప అదే, ఐసు నీళ్లతో నానిన గోనెపట్ట అదే. ఒకప్పుడు నేను ఒక చేత్తో అంచు పట్టుకుంటే చాలు, గంపను తనే నెత్తికెత్తుకునేది. మొన్న మంగళవారం నా రెండు చేతులూ చాలక, లోపలున్న మా ఆయన్ని కూడా పిలవాల్సి వచ్చింది.